మూడో చరణంలో పోయిన మాణిక్యాంబ

తాను చనిపోయిన సంగతి మాణిక్యాంబకు ఢిల్లీలో, ద్వారకలోని సొంత ఫ్లాటులో, కాలీఫ్లవర్ విడదీస్తూ కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆమెకు అరవై ఆరేళ్లు. కేంద్ర ప్రభుత్వంలో ముప్ఫై ఆరేళ్లు పనిచేసి డెప్యూటీ సెక్రటరీగా రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. మొన్న నవంబరులోనే బ్యాంకుకు వెళ్లి వేలిముద్ర వేసి, తాను ఇంకా బతికే ఉన్నానని పింఛను కోసం ఏటా ఇచ్చే సర్టిఫికెట్ ఇచ్చి వచ్చింది. రసీదు కూడా తీసుకుంది. రసీదు తీసుకోకుండా ఆమె ఏ పనీ చేయదు.

కబురు తెచ్చింది ఎదురు ఫ్లాటు సునంద కూతురు ప్రణతి. కాలేజీలో చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ వచ్చి, ఫోను మాణిక్యాంబ ముఖం ముందు పెట్టింది.

ఫోనులో విష్ణువర్ధన్ ఉన్నాడు. మాణిక్యాంబ తమ్ముడు త్యాగరాజు కొడుకు. ఇప్పుడతను ఉత్త విష్ణు. తన పాటలు తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, గిటారు పట్టుకుని ఊరూరా పాడుతున్నాడు. విశాఖపట్నంలో మొదలుపెట్టి ఏడు ఊళ్లు తిరుగుతున్నాడట. ఆ మొదటి ఊళ్లో ఎవరో ప్రేక్షకుడు తీసిన వీడియో అది. పాట పేరు ‘బొంత’.

*ఒక్కటే బొంత అత్తయ్యా, ఇద్దరమూ మనమైతే,*
*నాకు బొంత కప్పేసి నువు చలిని కప్పుకున్నావా...*

మాణిక్యాంబ కాలీఫ్లవర్ పక్కన పెట్టింది. పల్లవిలో ఆమె పేదది. మొదటి చరణంలో సరోజినీ నగర్‌లో కిటికీ అద్దాలు లేని ఒకే గదిలో ఉంటోంది. రెండో చరణంలో అన్నం అంతా మేనల్లుడికి పెట్టి తాను నీళ్లు తాగి పడుకుంది. మూడో చరణానికి వచ్చేసరికి విష్ణు గొంతు వణికింది.

*మాణిక్యమంటి అత్తయ్యా, మంచులోనే కరిగావా,*
*తెల్లారి బొంత తీసి చూస్తే నువ్వు లేని వెచ్చదనం...*

అక్కడ అతను పాడలేక ఆగిపోయాడు. తల వంచుకుని గిటారు మీద నుదురు ఆనించాడు. హాలంతా ముక్కులు ఎగబీల్చిన చప్పుడు.

“సో సాడ్ హై నా, ఆంటీ,” అంది ప్రణతి.

మాణిక్యాంబ ఆ వీడియోను మరో రెండుసార్లు పెట్టించుకుని వింది. మూడోసారి పెన్సిలు, కాగితం తెచ్చుకుంది.

జరిగింది వేరు. పదహారేళ్ల కింద విష్ణువర్ధన్ సివిల్స్ రాస్తానని ఢిల్లీ వచ్చాడు. కరోల్ బాగ్‌లో కోచింగ్, సరోజినీ నగర్‌లో మేనత్త క్వార్టర్‌లో మకాం. ఆ క్వార్టర్‌కు రెండు గదులు, వంటిల్లు, వరండా ఉండేవి. కిటికీలకు అద్దాలే కాదు, ఆమె స్వయంగా కుట్టించిన తెరలు కూడా ఉండేవి. ఇంట్లో దూది కూరిన రజాయిలు రెండు. బొంత అనే వస్తువు ఆ గడప ఎన్నడూ తొక్కలేదు. ఉన్న ఒక్క రూమ్ హీటరును మాత్రం విష్ణువర్ధన్ మొదటి చలికాలంలోనే తన గదిలోకి పట్టుకుపోయాడు. తిరిగి అడిగితే చదువుకుంటున్నానని తలుపు తీసేవాడు కాదు. లోపలి నుంచి గిటారు వినిపించేది. ఆ ఇంట్లో చలికి వణికిన మనిషి ఎవరైనా ఉంటే అది మాణిక్యాంబే. ఆ వణుకులో త్యాగమేమీ లేదు, రోజూ తలుపు కొట్టి తిట్టేది. రాత్రి అన్నం తినకపోవడం కూడా నిజమే. షుగరు వచ్చిందని డాక్టరు రెండు పుల్కాలు తినమన్నాడు.

ఈ విషయాలన్నీ ఆమె పేరాలవారీగా రాసి, ‘బొంత అను పాటలోని వాస్తవ విరుద్ధాంశములు’ అని పైన విషయం పెట్టి, విష్ణు వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు మెయిల్ చేసింది. చివరి పేరాలో, పైన పేర్కొన్న వ్యక్తి సజీవురాలు గనుక మూడవ చరణమును ఉపసంహరించుకోవలసినదిగా కోరింది. అరగంటలో జవాబు వచ్చింది. మీ ప్రేమే మాకు బలం, యాత్రలో మళ్లీ కలుద్దాం అని ఉంది. కింద ఒక గుండె బొమ్మ. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో ఆమె రకరకాల జవాబులు చూసింది గానీ గుండె బొమ్మతో ఫైలు మూసేసినవాళ్లను చూడలేదు.

సునంద ఆఫీసు నుంచి రాగానే విషయం తెలిసి పరుగున వచ్చి, మాణిక్యాంబను కావలించుకుని ఏడ్చింది. తాను కావలించుకున్న మనిషే పాటలో పోయిన మనిషి అని ఆమెకు బాగా తెలుసు. అయినా పాట అలా ఉంది మరి, ఏం చేస్తాం ఆంటీ అంది.

వారం తర్వాత విష్ణు ఫోన్ చేశాడు. గొంతుకు విశ్రాంతి ఇస్తున్నానని గుసగుసగా మాట్లాడాడు. యోగక్షేమాలు అడిగాడు. మోకాళ్ల నొప్పులు అడిగాడు. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చాడు.

“అత్తయ్యా, ఆ పాటలో ఉన్నది నువ్వు కాదు. అదొక భావన.”

“భావనకి నా పేరెందుకు పెట్టావురా?”

“‘మంచు’కి ‘మాణిక్యం’ యతి కుదిరింది.”

“సరే, కుదిరింది. చంపడం ఎందుకు?”

అతను గుసగుస మానేసి మామూలు గొంతుతో, చిన్నప్పటి గోదావరి యాసతో చెప్పాడు.

“మొదట్లో చంపలేదత్తయ్యా. నిజంగా. మూడో చరణంలో నువ్వు రిటైరై సుఖంగా ఉన్నట్టే రాశాను. ఈ యాత్రకు ముందు రెండు చోట్ల పాడాను కూడా. ఆ చరణం వచ్చేసరికి జనం ఫోన్లు చూసుకుంటున్నారు. పోయావంటేగానీ ఏడవట్లేదు.”

మాణిక్యాంబ నోరు తెరిచేలోగా అతను గుర్గావ్ ప్రోగ్రాం గురించి చెప్పేశాడు. యాత్రలో అది ఐదో ఊరు. అక్కడ పాడినది పాడినట్టే రికార్డు చేసి ఆల్బంగా విడుదల చేస్తారట. నువ్వు తప్పక రావాలత్తయ్యా, నీ ఆశీర్వాదం కావాలి అన్నాడు.

మర్నాడు అతని మేనేజరు రాజీవ్ ఫోన్ చేశాడు. పాసులు మూడు పంపిస్తున్నామన్నాడు. చాలా మర్యాదగా, మేడమ్ మేడమ్ అంటూ, చిన్న మనవి ఉందన్నాడు. హాల్లో ఎవరైనా అడిగితే ఆమె తాను ఫలానా అని చెప్పకుండా ఉంటే మంచిదట. ఫ్యామిలీ ఫ్రెండ్ అంటే సరిపోతుందట.

“ఎందుకని?” అని అడిగింది మాణిక్యాంబ.

“ఆడియన్స్ డిస్టర్బ్ అవుతారు మేడమ్. వాళ్ల దృష్టిలో మీరు లేరు కదా,” అన్నాడు రాజీవ్.

ఫిబ్రవరి రెండో ఆదివారం సాయంత్రం సునంద కారులో ముగ్గురూ గుర్గావ్ బయల్దేరారు. మాణిక్యాంబ రిటైర్మెంటు రోజున కట్టుకున్న గద్వాల చీర కట్టుకుంది. తన చావు పాటకు ఆ మాత్రం తయారవ్వాలనిపించింది. హాలు నిండా తెలుగువాళ్లే. హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ వచ్చి సాఫ్ట్‌వేరు కంపెనీల్లో స్థిరపడ్డ కుర్ర జంటలు, వాళ్లను చూడ్డానికి వచ్చిన అత్తమామలు, సెక్రటేరియట్లో పనిచేసే నాలుగైదు కుటుంబాలు. రాజీవ్ ముగ్గుర్నీ తొమ్మిదో వరసలో కూర్చోబెట్టి, మాణిక్యాంబ వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకుని నవ్వి వెళ్లాడు. ఆమె అతన్ని మెమో ఇవ్వబోయే ముందు క్లర్కును చూసినట్టు చూసింది.

విష్ణు వేదిక మీదికి వచ్చేసరికి చప్పట్లు, ఈలలు. లావయ్యాడు. గడ్డం పెంచాడు. భుజం మీద ఒక బొంత వేసుకున్నాడు. అద్దాలు కుట్టిన రాజస్థానీ బొంత, జనపథ్ పేవ్‌మెంటు మీద విదేశీ టూరిస్టులు బేరమాడే రకం. చిరుగులు మాత్రం కొత్తగా, కత్తెరతో చేసినట్టు తిన్నగా ఉన్నాయి.

ఈ రోజు పాటలన్నీ రికార్డవుతున్నాయి గనుక ఫోన్లు ఆపేయాలని, దగ్గు వస్తే బయటికి వెళ్లాలని, ఏడుపు వస్తే మాత్రం ఆపుకోనక్కర్లేదని రాజీవ్ ప్రకటించాడు. నాలుగు పాటలు అయ్యాయి. అవి బాగానే ఉన్నాయి. అతని గొంతు మంచిదని మాణిక్యాంబ ఎప్పుడూ ఒప్పుకునేది. శ్రుతి మాత్రం పైకి వెళ్లినప్పుడు జారుతుందని పదహారేళ్ల కిందే చెప్పింది. ఇప్పటికీ జారుతోంది.

ఐదో పాటకు దీపాలు తగ్గాయి. విష్ణు స్టూలు మీద కూర్చుని, బొంత ఒళ్లో వేసుకుని, దాన్ని కాసేపు నిమిరాడు. కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఊరూరికీ ఆ కథ కొంచెం పెరుగుతోందని ప్రణతి దార్లోనే చెప్పింది. విశాఖలో ఒంటి గది ఉండేది, బెంగళూరు చేరేసరికి గదికి పైకప్పు పోయిందట. ఇప్పుడు రికార్డింగు కదా, విష్ణు ఇంకాస్త ముందుకు వెళ్లాడు.

“మా అత్తయ్య ఇక్కడే, ఈ ఢిల్లీలోనే, ఒక ప్రభుత్వాఫీసులో అటెండరు,” అన్నాడు మెల్లగా. “పెద్ద పెద్ద ఆఫీసర్లకు టీలు అందించేది. ఆ కప్పులు కడిగి కడిగి చేతులు పగిలిపోయేవి. ఆ పగిలిన చేతులతోనే నాకు ముద్దలు కలిపి పెట్టింది.”

పక్క సీట్లో ఎవరో అయ్యో అన్నారు. సునంద మాణిక్యాంబ చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఓదార్పుగా కాదు, ముందు జాగ్రత్తగా.

మాణిక్యాంబ ఒంటి గది భరించింది. ఆకలి భరించింది. చావు కూడా, యతి కోసం కదా అని, రెండు నెలలుగా భరిస్తూ వచ్చింది. కానీ డెప్యూటీ సెక్రటరీ పదవి ఆమెకు రిటైర్మెంటుకు పదకొండు నెలల ముందు వచ్చింది. దానికోసం సీనియారిటీ లిస్టు మీద తొమ్మిదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ పదకొండు నెలల్లో తన గదికి టీ చల్లారబెట్టి తెచ్చాడని అటెండరుకు రెండుసార్లు మెమో ఇచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు వెయ్యిమంది మధ్య, రికార్డింగు సాక్షిగా, ఆ ట్రే ఆమె చేతికి వచ్చింది.

పాట మొదలైంది. మొదటి చరణం, రెండో చరణం. మూడో చరణంలో మాణిక్యాంబ మంచులో కరిగింది. విష్ణు పాడలేక ఆగి, గిటారు మీద నుదురు ఆనించాడు. ప్రణతి వీడియోలన్నీ చూసి లెక్కగట్టింది, ఆ ఆగడం ప్రతి ఊళ్లోనూ పన్నెండు సెకన్లు.

మాణిక్యాంబ సునంద చెయ్యి విడిపించుకుని లేచి నిలబడింది. ముందు సీటు వీపు పట్టుకుంది. మీటింగుల్లో వెనక వరస దాకా వినబడేలా మాట్లాడిన గొంతు అది, మైకు అక్కర్లేదు.

“డెప్యూటీ సెక్రటరీ,” అంది. “అటెండర్ని కాదు. డెప్యూటీ సెక్రటరీగా రిటైరయ్యాను. మా ఇంట్లో రజాయిలు రెండు. నేను చావలేదు.”

వెయ్యి తలలు ఆమె వైపు తిరిగాయి. విష్ణు తలెత్తాడు. ఒక్క క్షణం అతని మొహంలో, ఒకప్పుడు ఆమె తలుపు తోసుకుని వెళ్లి పుస్తకం కింద నవల దొరకబుచ్చుకున్నప్పటి భయం కనిపించింది. అది మాణిక్యాంబకు మాత్రమే తెలిసిన మొహం. ఆ తర్వాత ఏడేళ్ల స్టేజీ అనుభవం పనిచేసింది. అతను నెమ్మదిగా స్టూలు దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చాపాడు.

“అత్తయ్యా,” అన్నాడు, గాలిలోకి అన్నట్టు. “వచ్చావా?”

లైట్లవాడు తెలివైనవాడు. వెంటనే తెల్లటి వెలుగు తొమ్మిదో వరసకు తిప్పాడు. గద్వాల చీర జరీ తళుక్కుమంది. హాలు ఒక్కసారిగా భోరుమంది. విష్ణు మోకాళ్ల మీదే ఉండి చివరి చరణం ఆమెకేసి పాడాడు. మాణిక్యాంబ మరో రెండుసార్లు డెప్యూటీ సెక్రటరీ అంది గానీ అది చప్పట్లలో కలిసిపోయింది. జనం లేచి నిలబడ్డారు. ముందు వరసలో ఒక పెద్దాయన అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. సునంద సీట్లో బాగా కిందికి జారి కూర్చుంది.

బయట హాల్లో సమోసాల దగ్గర ఆమె చుట్టూ మనుషులు మూగారు. ఇద్దరు అమ్మాయిలు కాళ్లకు దండం పెట్టారు. ఒకతను, ఆంటీ మీది ఏ నాటక సమాజం, చివర్న ఆ డైలాగు చాలా నేచురల్‌గా చెప్పారు అన్నాడు. తాను నిజంగా ఆ అత్తనే అని ఆమె చెప్పింది. అతను నవ్వి, ఇంకా క్యారెక్టర్లోనే ఉన్నారు అని భార్యతో అన్నాడు.

అక్కడి నుంచి ఆమె నేరుగా గ్రీన్ రూమ్‌కు వెళ్లింది. విష్ణు మెడకు తువ్వాలు చుట్టుకుని వేణ్ణీళ్లు తాగుతున్నాడు. రాజీవ్ ఆమెను చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. సౌండు ఇంజనీరుతో ఇప్పుడే మాట్లాడాడట, ఆడియన్స్ మైకులో ఆమె గొంతు గంటలా పడిందట. దాన్ని తీసేయమంది మాణిక్యాంబ. లేకపోతే అంతా ఉంచి, ముందు అతను చెప్పిన అటెండరు ముక్క తీసేయమంది. రాజీవ్ రాసుకుంటున్నట్టు ఫోను తీసి, ఏమీ రాసుకోకుండా బయటికి వెళ్లాడు.

ఇద్దరే మిగిలాక ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం కొంచెం తగ్గింది. చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగింది.

“విష్ణూ, నీకు పాట కట్టాలనే ఉంటే నేను నిజంగా చేసిన పని ఒకటుంది కదరా. దాని మీద కట్టొచ్చుగా.”

“ఏ పనత్తయ్యా?”

ఆమె అతని మొహంలోకి చూసింది. నటన లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

మూడో ఏడాది ప్రిలిమ్స్ రోజున విష్ణువర్ధన్ పరీక్షకు వెళ్లలేదు. నోయిడాలో ఏదో కాలేజీ పండుగలో పాడ్డానికి వెళ్లాడు. ఆ పొద్దున త్యాగరాజు రాజమండ్రి నుంచి ఫోన్ చేశాడు. ఆ పేరు పెట్టుకుని కూడా ఆయనకు పాటంటే పడేది కాదు. కొడుకు గిటారు ముట్టుకుంటే ఇంటికి రప్పించి తన పెట్రోలు బంకులో కూర్చోబెడతానని ముందే చెప్పి ఉన్నాడు. మాణిక్యాంబ తమ్ముడితో, నేనే సెంటరు దాకా దింపి వచ్చాను, హాల్ టికెట్ చూసి మరీ లోపలికి పంపాను అంది. సర్వీసు మొత్తం మీద ఒక్క తప్పు మాట కాగితం మీద పెట్టని మనిషి. ఆ అబద్ధం కోసం సెంటరు పేరు, రోడ్డు మీద ట్రాఫిక్కు కూడా కల్పించి చెప్పింది. తర్వాత పేపరు చాలా కష్టంగా వచ్చిందట అని కూడా చెప్పింది. త్యాగరాజు ఈ రోజుకీ అదే నమ్ముతున్నాడు. ఆ రోజు సాయంత్రం విష్ణువర్ధన్ వరండాలో ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, నీ రుణం తీర్చుకోలేనత్తయ్యా అన్నాడు.

ఇదంతా ఆమె గుర్తుచేసింది. అతను నొసలు ముడిచి విన్నాడు.

“అలా జరిగిందా?” అన్నాడు. “నాకు గుర్తు లేదత్తయ్యా. బొంత మాత్రం బాగా గుర్తుంది. నువ్వు అర్ధరాత్రి లేచి కప్పేదానివి.”

“బొంత లేదురా.”

“ఉంది. ఎర్రది,” అన్నాడు విష్ణు. అతని కళ్లు చెమర్చాయి. ఈసారి మైకు లేదు, లైటు లేదు. మాణిక్యాంబకు అదే ఎక్కువ భయమేసింది.

ఆల్బం మార్చిలో విడుదలైంది. ‘బొంత’ కింద గుర్గావ్ లైవ్ అని రాశారు. ప్రణతి ఫోను తెచ్చి వినిపించింది. అటెండరు కథ మొత్తం ఉంది. మూడో చరణం తర్వాత పన్నెండు సెకన్ల నిశ్శబ్దం ఉంది. అందులోంచి ముసలి గొంతు ఒకటి, కాస్త ప్రతిధ్వని చేర్చి, దూరంగా, “నేను చావలేదు” అంటుంది. అంతే. పదవి పోయింది, రజాయిలు పోయాయి. కింద శ్రోతలు వేలల్లో రాశారు. ఆ గొంతు వినగానే ఒళ్లు జలదరించిందని ఒకరు, ప్రేమకు చావు లేదని ఇంత గొప్పగా ఎవరూ చెప్పలేదని ఒకరు. నాకూ ఇలాంటి అత్త ఉంటే బావుండేదని రాసినవాళ్లే ఎక్కువ. మాణిక్యాంబ అక్కడ తన అభ్యంతరం పేరాలవారీగా పెట్టింది. దానికి పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

తర్వాతి ఊరు వరంగల్లు. పాట ఇంత పేరు తెచ్చుకున్నాక ఆ గొంతు లేకుండా పాడితే జనం ఒప్పుకోరు. రాజీవ్ ముందు ఆమెకే ఫోన్ చేశాడు, మిగిలిన రెండు ఊళ్లకూ రమ్మని, విమానం టికెట్టు వాళ్లే పంపుతామని. ఆమె ఒక్క షరతు పెట్టింది. స్టేజీ మీద తన హోదా చెప్పాలి. రాజీవ్ విష్ణుతో మాట్లాడి చెబుతానన్నాడు. మళ్లీ చేయలేదు.

ఫోన్ చేసింది వేరే మనిషి. పేరు అన్నపూర్ణేశ్వరి. హైదరాబాదులో నలభై ఏళ్లు నాటకాలు వేసి ఇప్పుడు సీరియళ్లలో నాయనమ్మలుగా నటిస్తోందట. ఆ వేషం తనకిచ్చారని, అసలు మనిషి ఢిల్లీలో ఉందని తెలిసి అడిగి నంబరు తీసుకున్నానని చెప్పింది. ఆ రోజు మీరు లేచేటప్పుడు ఏ చెయ్యి సీటు మీద వేశారమ్మా అని అడిగింది.

మాణిక్యాంబ ఫోను పెట్టేయబోయి ఆగింది. ఇన్నాళ్లలో నిజంగా ఏం జరిగిందని అడిగిన మొదటి మనిషి ఈమె. కుడి చెయ్యి అంది. ఎడమ చేతిలో పర్సు ఉందంది. ఆ తర్వాత గంటసేపు మాట్లాడారు. అన్నపూర్ణేశ్వరి వేషాన్ని శ్రద్ధగా పట్టుకునే మనిషి, ఒకటికి రెండు ప్రశ్నలు వేసింది. చివరికి, పాటలో సంగతి సరే, అసలు మీరు ఆ అబ్బాయికి చేసిందేమిటి అని అడిగింది. మాణిక్యాంబ ప్రిలిమ్స్ రోజు సంగతి చెప్పింది. అన్నపూర్ణేశ్వరి అంతా విని అడిగింది.

“స్టేజీ మీద ఆ ముక్క చెప్పనా?”

“వద్దు,” అంది మాణిక్యాంబ. “అది మా తమ్ముడికి తెలియకూడదు. మిగతాది మాత్రం చెప్పండి. నేనన్నది అన్నట్టు.”

అన్నపూర్ణేశ్వరి అలాగే చేసింది. వరంగల్లులో పన్నెండు సెకన్లు అవుతుండగా తొమ్మిదో వరసలో లేచి, ఎడమ చేతిలో పర్సుతో, కుడి చెయ్యి ముందు సీటు మీద వేసి, నలభై ఏళ్ల నాటకం గొంతుతో మొదటి మాట నుంచీ చెప్పింది. డెప్యూటీ సెక్రటరీ. అటెండర్ని కాదు. రజాయిలు రెండు. పై బాల్కనీలో ఎవడో పకాలున నవ్వాడు. నవ్వు కిందికి దిగి వరసలు వరసలుగా పాకింది. మోకాళ్ల మీద చేతులు చాపి కూర్చున్న విష్ణు వచ్చావా అనేసరికి హాలు గొల్లుమంది. అతను చివరి చరణం మొదలుపెట్టలేకపోయాడు. ఈసారి నిజంగానే పాడలేకపోయాడు. ఆ వీడియో పాత వీడియోలన్నిటికంటే ఎక్కువమంది చూశారు.

విష్ణు మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. గుసగుస లేదు.

“నా పాట చంపేశావత్తయ్యా.”

“నేను ఇక్కడ ద్వారకలో ఉన్నాన్రా. వరంగల్లు రాలేదు,” అంది మాణిక్యాంబ.

అతను చాలాసేపు మాట్లాడాడు. కళాకారుడి గుండె గురించి చెప్పాడు, సొంతవాళ్లే వెన్నుపోటు పొడవడం గురించి చెప్పాడు. ఆమె అడ్డు రాలేదు. వెన్నుపోటు అన్నచోట అతని గొంతు ఎలా వణకాలో అలాగే వణికింది, ఇది కూడా ఎక్కడో పాటగా వస్తుందని ఆమెకు అర్థమైంది. చివరికి మాత్రం, నాన్నకు చెప్పావా ఆ పరీక్ష సంగతి అని అడిగాడు. చెప్పలేదంది. చెప్పకు అన్నాడు. ఫోను పెట్టేశాడు.

చివరి ఊరు తిరుపతిలో ‘బొంత’ పాడలేదు. దాని బదులు కరోల్ బాగ్ కోచింగ్ సెంటరు మెట్ల మీద పడుకునే ఒక వీధి కుక్క మీద కొత్త పాట పాడాడు. అతని దగ్గరున్న ఒక్క రొట్టెలో సగం రోజూ ఆ కుక్క తినేదట. మూడో చరణంలో అది పోయింది. ప్రణతి మొదటి రోజునే ఏడ్చుకుంటూ ఫోను పట్టుకుని వచ్చింది. మాణిక్యాంబ పాట చివరిదాకా వింది, శ్రుతి ఇంకా జారుతోందని మాత్రం అని, బెండకాయలు తరగడానికి లేచింది.